మర్ఫా మనుషులను మరవకండి

హైదరాబాద్ మర్ఫా దరువుకు వచ్చిన కొరతేమీ లేదు. పాతబస్తీ బరాత్‌లో, గణేశ్ నిమజ్జనం ఊరేగింపులో, ఎన్నికల ఫలితాల రోజు పార్టీ ఆఫీసు ముందు, సినిమా పాటలో, డీజే పెట్టెలో అది మోగుతూనే ఉంది. కొరత వచ్చింది దాన్ని ఈ నగరానికి తెచ్చినవాళ్లకు. ఏసీ గార్డ్స్‌లో, బార్కస్‌లో తరతరాలుగా వాయించిన కుటుంబాల పేర్లు ఆ దరువు పక్క నుంచి జారిపోతున్నాయి. పెద్ద వయసు వాద్యకారులు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు, వాళ్ల చేతుల్లో ఉన్న దరువులు వాళ్లతోనే పోతున్నాయి. ఇంకొక తరం ఇలాగే గడిస్తే మర్ఫా మిగులుతుంది, దానికి మనుషులు మిగలరు. అందుకే ఈ హెచ్చరిక.

మర్ఫా అంటే ఏమిటో తెలియని పాఠకులు, ముఖ్యంగా కోస్తాలో, రాయలసీమలో ఉన్నవాళ్లు, ఒక్కసారి దాన్ని ఎదురుగా వినాలి. ఫోన్లో వింటే సగం కూడా రాదు. మెడలో వేలాడే చిన్న తోలు వాద్యాలు, చేత్తో వాయించే డఫ్, బరువైన ఢోల్, కర్రముక్కలు, వీటన్నిటి మీదుగా ఖణేలుమనే స్టీలు బిందె. పదిమంది కుర్రవాళ్లు గుండ్రంగా నిలబడితే మధ్యలో ఒక పెద్దాయన కళ్లతోనే సైగ చేస్తాడు. దరువు నింపాదిగా మొదలవుతుంది. ఒక వాద్యం ప్రశ్న వేస్తుంటే ఇంకొకటి జవాబిస్తుంది. వేగం ఎప్పుడు పెరిగిందో వినేవాడికి తెలియదు, అప్పటికే భుజాలు ఊగుతుంటాయి. పాత పద్ధతిలో ఆడేవాళ్ల చేతుల్లో కర్రలు, కత్తులు, బాకులు తిరుగుతాయి. అది సైనికుల ఆట. సైనికులు ఎవరో తెలిస్తేనే ఆ ఆట ఎందుకు అలా ఉంటుందో అర్థమవుతుంది.

వాళ్లు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. సిద్దీలు అంటారు, హబ్షీలు అంటారు. హిందూ మహాసముద్రం మీద శతాబ్దాల పాటు సాగిన బానిస వ్యాపారంలో ఇథియోపియా నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి మనుషుల్ని ఓడలెక్కించి అరేబియాకు, దక్కనుకు తెచ్చి అమ్మారు. కొందరు స్వేచ్ఛగా సైనికులుగా, నావికులుగా కూడా వచ్చారు. దక్కన్ చరిత్రలో వాళ్లు చిన్నవాళ్లు కారు. ఇథియోపియాలో పుట్టి, పసితనంలోనే అమ్ముడుపోయిన మాలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి ప్రధానమంత్రి అయ్యాడు, 1626లో చనిపోయేదాకా మొఘల్ సైన్యాలకు నిద్ర లేకుండా చేశాడు. ఔరంగాబాద్‌కు పునాది వేసింది ఆయనే. హైదరాబాద్‌లో సిద్ది అంబర్ బజార్ పేరు ఇప్పటికీ అందరి నోటా ఉంది. హబ్సిగూడ పేరు కూడా హబ్షీల వల్లే వచ్చిందని చెప్పుకుంటారు. ఆ బజార్‌లో కొనుగోళ్లు చేసేవాళ్లలో, ఆ గూడలో అపార్ట్‌మెంట్లు కొనుక్కున్నవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరు?

ఏసీ గార్డ్స్ అన్న పేరులోని రెండు అక్షరాల్లో ఒక పటాలం దాగి ఉంది, ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఉన్న ఆఫ్రికన్ అంగరక్షక దళం తర్వాత నిజాం కొలువుకు చేరి ఈ అశ్వదళమైంది. వాళ్ల నివాసాలు మాసబ్‌ట్యాంక్ పక్కన ఉండేవి, ఆ పేటకు ఆ పేరే నిలిచింది. అటు చాంద్రాయణగుట్ట దగ్గర బార్కస్‌లో నిజాం అరబ్బు పటాలాలు ఉండేవి. ఎక్కువ మంది యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం వాళ్లు, ఇక్కడ చావూష్‌లు అంటారు. సైనికుల బారకులే బార్కస్ అయ్యాయి. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, అరేబియా నుంచి వచ్చినవాళ్లు ఒకే ప్రభువు కొలువులో, ఒకే నగరంలో, ఒకే పండగల్లో కలిసి బతికారు. వియ్యమందుకున్నారు. ఆ కలయికలోంచి, ఆసఫ్‌జాహీల కాలంలో, హైదరాబాద్ మర్ఫా రూపుకట్టింది.

ఇక్కడ నా మాట స్పష్టంగా చెప్పాలి. మర్ఫాను ‘అరబ్బీ బాజా’ అని చెప్పి సిద్దీలను పక్కకు తోసెయ్యడం తప్పు. ‘నిజాం వైభవం’ అని చెప్పి ఆ వైభవానికి కావలి కాసిన కూలి సైనికుణ్ణి మరిచిపోవడం అంతకంటే పెద్ద తప్పు. ‘తురకల బాజా’ అని ముద్ర వేసి దూరం పెట్టడం మూడో తప్పు, ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది ఇదే. అలాగని రక్తాన్ని జల్లెడ పట్టి ఇది అచ్చంగా ఆఫ్రికాది, ఇందులో ఇంకెవరికీ వాటా లేదనడం కూడా చరిత్రకు ఒప్పదు. రెండు ఖండాల నుంచి వచ్చిన మనుషులు మూడో చోట, దక్కనీ ఉర్దూ మాట్లాడుతూ, తెలుగు, ఉర్దూ, మరాఠీ ఇళ్ల పెళ్లిళ్లకు వాయిస్తూ పెంచిన కళ ఇది. దీనికి ఊరు హైదరాబాద్. దీనికి తల్లిదండ్రులు ఉన్నారు, వాళ్లెవరో మనకు తెలుసు. తెలిసిన విషయాన్ని చెరిపెయ్యకండి అనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఐదు రోజుల్లో నిజాం రాజ్యం భారతదేశంలో కలిసింది. ఆ తర్వాత పటాలాలు రద్దయ్యాయి. అరబ్బుల్లో చాలామందిని నిర్బంధించారు, కొందరిని యెమెన్ పంపించేశారు. సిద్దీలను పంపడానికి ఏ దేశమూ లేదు. తాతలు ఏ తీరంలో ఓడెక్కారో ఇంట్లో ఎవరికీ తెలియదు. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, చదువు అప్పటికి అందలేదు. అలాంటి స్థితిలో పండగలకు సరదాగా వాయించుకున్న మర్ఫా కొన్ని కుటుంబాలకు కూడు పెట్టే పని అయింది. కొలువులో ఉన్నప్పుడు తమ ఆనందానికి మోగించిన వాద్యాన్ని, కొలువు పోయాక ఇతరుల ఆనందానికి మెడలో వేసుకుని నడిచారు. ఏడున్నర దశాబ్దాలుగా హైదరాబాద్ పెళ్లికొడుకులు ఆ దరువు మీదే గుర్రం దిగుతున్నారు. ఈ కథ మన పాఠ్యపుస్తకాల్లో లేదు. ఇథియోపియా నుంచి వచ్చిన పరిశోధకుడు అబాబు మిండా యిమెనె హైదరాబాద్ సిద్దీల మధ్య తిరిగి 2004లో ఒక పుస్తకం వేశాడు. మన ఊరి మనుషుల గురించి అంత దూరం నుంచి ఒకరు వచ్చి రాయవలసి రావడం మనం ఆలోచించుకోవలసిన విషయం.

ఇప్పుడు ముప్పు ఎటు నుంచి వస్తున్నదో చూద్దాం.

ఒక వైపు డీజే. పదిమంది వాద్యకారులకు ఇచ్చే కూలి కంటే ఒక లారీ, రెండు వరసల స్పీకర్లు, ఒక ల్యాప్‌టాప్ చవక అనుకున్నవాళ్లు పెరిగారు. ఆ ల్యాప్‌టాప్‌లో మోగేది కూడా చాలాసార్లు మర్ఫా దరువే. ఎవరో ఎప్పుడో వాయించిన నాలుగు ఆవర్తాలను కోసి, తెల్లవార్లూ తిప్పి తిప్పి వేస్తారు. వాయించినవాడికి పైసా రాదు. తన చేతి దరువు తన పొట్టే కొడుతున్న సంగతి అతనికి తెలుసు, ఎవరిని అడగాలో మాత్రం తెలియదు. ఆవర్తం తిప్పి వేసినప్పుడు పోయేది డబ్బు ఒక్కటే కాదు. మర్ఫాలో ప్రాణం ఉన్నది ఆ ప్రశ్నా జవాబుల్లో, ఆడేవాళ్ల కాళ్లు చూసి వాయించేవాడు వేగం మార్చడంలో. కోసి అతికించిన దానిలో అవేవీ ఉండవు. పదేళ్ల పిల్లవాడు దాన్నే మర్ఫా అనుకుని పెరిగితే, రేపు అసలైన మేళం ఎదురుగా నిలబడ్డా అతనికి వినపడదు.

హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. ఆస్పత్రుల్లో రోగుల అవస్థ, వృద్ధుల గుండెదడ, చెవులు దిబ్బడ పడిన పిల్లలు, వీటన్నిటినీ తలుచుకుంటే ఆ నిషేధం మంచిదే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. డీజే పెట్టె పక్కన ఈ అంకెలు చదవడమే వృథా. అయితే ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. డీజే పోయిన చోట మళ్లీ చేతి వాద్యం కావాలని జనం వెతుకుతున్నారు. ఈ గిరాకీ మర్ఫా కుటుంబాలకు చేరకపోతే, తెల్ల అరబ్బు అంగీలు కుట్టించుకున్న ఈవెంట్ కంపెనీల చేతికి పోతుంది. వేషం మిగిలి మనిషి మారిపోవడం చాలా త్వరగా జరుగుతుంది. బార్కస్ నుంచి వచ్చిన మండీ వంటకానికి జరిగింది చూశాం కదా. ఇవాళ విజయవాడలో, కర్నూలులో, కరీంనగర్‌లో పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని మండీ తింటున్నారు. బార్కస్ ఎక్కడుందో, అక్కడ ఎవరుంటారో ఆ పళ్లెం చుట్టూ ఉన్నవాళ్లలో తెలిసినవాళ్లు బహు కొద్దిమంది. తిండికి ఇది చెల్లిందేమో కానీ, వాయించే మనిషి లేకపోతే సంగీతానికి ప్రాణం ఉండదు.

రెండో ముప్పు లోపలి నుంచి వస్తున్నది, దాన్ని గురించి మాట్లాడటం కష్టం. సిద్దీ పిల్లలు తాము సిద్దీలమని చెప్పుకోవడానికి వెనకాడుతున్నారు. కారణం మనమే. నల్లటి ఒళ్లు, ఉంగరాల జుట్టు చూసి సొంత నగరంలో ‘ఏ దేశం?’ అని అడుగుతాం. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక మాల్‌లో గుంపు ఆఫ్రికా విద్యార్థుల మీద పడి కొట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. చదువుకోవడానికి వచ్చిన విదేశీయులకే అలా జరిగిన దేశంలో, ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన సిద్దీ పిల్లవాడు తన తాత ఆఫ్రికా నుంచి వచ్చాడని బడిలో గర్వంగా చెబుతాడని ఎలా ఆశించగలం? తన వేరును దాచుకోవలసి వచ్చినవాడు ఆ వేరు నుంచి వచ్చిన వాద్యాన్ని కూడా దాచేస్తాడు. మర్ఫా చప్పుడుకు చిందులేసే జనమే మర్ఫా వాయించే మనిషిని వింతగా చూస్తుంటే, ఆ కళ నిలవదు.

సంగీతం నిలిచి దాన్ని పుట్టించిన మనుషులు మరుగున పడటం ప్రపంచంలో ఇంతకు ముందు జరిగింది. అమెరికాలోని షికాగోలో 1979 జూలై 12న కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో డిస్కో రికార్డులను పోగేసి పేల్చేశారు. జనం మైదానంలోకి దూకారు. ఆ రోజు అక్కడ ప్రేక్షకులకు సీట్లు చూపించే పనిలో ఉన్న విన్స్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రవాడు ఒక విషయం గమనించాడు. జనం తెచ్చి కుప్ప పోసినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్ల గాయకుల రికార్డులు కూడా ఉన్నాయి. అంటే కాలింది పాట మీద కోపం ఒక్కటే కాదు. కొన్నేళ్లకు అదే కుర్రవాడు, అదే నగరంలో, హౌస్ సంగీతం పుట్టుకలో చెయ్యి వేశాడు. ఫ్రాంకీ నకుల్స్ లాంటి నల్లజాతి డీజేలు షికాగో క్లబ్బుల్లో దాన్ని పెంచారు. పక్కన డెట్రాయిట్‌లో వాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నోను నిలబెట్టారు. ఆ సంగీతం సముద్రం దాటి యూరప్‌లో వేల కోట్ల వ్యాపారమైంది. ఇప్పుడు టెక్నో అనగానే బెర్లిన్ గుర్తొస్తుంది, అది తెల్లవాళ్ల సంగీతమని నమ్మేవాళ్లు కోట్లలో ఉన్నారు. డెట్రాయిట్ వాళ్లు తమ సంగీతం తమదేనని ఇప్పటికీ చెప్పుకోవలసి వస్తోంది. వాళ్లకు కనీసం రికార్డులు ఉన్నాయి, వాటి మీద పేర్లు, తేదీలు ఉన్నాయి. మర్ఫాకు అవి కూడా లేవు.

మన దేశంలోనే చూడండి. గుజరాత్‌లో రతన్‌పోర్ దగ్గర బావా గోర్ దర్గా చుట్టూ ఉన్న సిద్దీల ధమాల్ ఆటను నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ అనే సంగీత పరిశోధకులు ఏళ్ల తరబడి చిత్రీకరించారు. సిదీ గోమా బృందం ప్రపంచమంతా తిరిగి ప్రదర్శనలిచ్చింది. కర్ణాటకలో ఉత్తర కన్నడ అడవుల్లో ఉన్న సిద్దీలకు 2003లో షెడ్యూల్డ్ తెగ గుర్తింపు వచ్చింది. మన దగ్గర? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముస్లిం వెనకబడిన వర్గాలకు నాలుగు శాతం రిజర్వేషన్ తెచ్చినప్పుడు బీసీ-ఈ జాబితాలో సిద్దీ, హబ్షీ పేర్లు చేర్చింది. అదీ మంచిదే. కాగితం మీద ఆ పేరు ఉంది, కళకు సంబంధించిన ఏ లెక్కలోనూ లేదు.

కళ మిగిలి మనిషి పేరు పోయే ఈ ముప్పుకు మన నేల మీదే ఒక జవాబు పుట్టింది, అదే డప్పు. శతాబ్దాల పాటు మాదిగల చేత చావుకు, జాతరకు, దండోరాకు వాయింపించుకుని, వాయించినవాణ్ణి ఊరి బయటే నిలబెట్టారు. ఆ డప్పునే మాదిగలు తమ జెండా చేసుకున్నారు. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం పేరులోనే డప్పు చప్పుడు ఉంది. ఇవాళ డప్పు ఎవరిదని ఎవరూ అడగరు. ఆంధ్రప్రదేశ్ పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులకు ప్రత్యేకంగా చోటుంది, 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు అందుతున్నాయి. కళకు మనిషి పేరు అంటుకుంటే ఏం జరుగుతుందో ఇది చూపిస్తోంది. అయితే మాదిగలు లక్షల్లో ఉన్నారు, రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డారు. సిద్దీలు కొన్ని పేటల్లో సర్దుకునేంత మంది. వాళ్లు లక్ష మందితో సభ పెట్టలేరు. వాళ్ల తరఫున మిగిలిన నగరం మాట్లాడాలి. మర్ఫా మీద ఆడినవాళ్లందరికీ ఆ బాకీ ఉంది.

చెయ్యవలసినవి కష్టమైనవి కావు, ఆలస్యం చెయ్యడమే ప్రమాదం. ముందుగా పెద్దవాళ్లను రికార్డు చెయ్యాలి. వేదిక మీద పది నిమిషాల ప్రదర్శన తీసి రికార్డు చేశామనుకుంటే సరిపోదు. ఒక్కొక్క దరువు పేరు, అది ఏ సందర్భంలో మోగేది, ఎవరి దగ్గర నేర్చారు, పాటల్లో అర్థం తెలియని మాటలు ఏమున్నాయి, ఇవన్నీ కూర్చోబెట్టి అడిగి రాయాలి. వాద్యాలు ఎవరు చేస్తారు, తోలు ఎక్కడ తెస్తారు, మంటకు కాచి ఎలా బిగిస్తారు, అదీ రాయాలి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, ఈ పని అక్కడివాళ్లకు వచ్చు. ఆచార్య జయధీర్ తిరుమలరావు మరుగున పడిన జానపద వాద్యాలను ఏళ్ల తరబడి సేకరించి, 2020లో హైదరాబాద్‌లో ‘మూలధ్వని’ పేరుతో ప్రదర్శన పెట్టారు. ఒక మనిషి పట్టుదలతో అంత చెయ్యగలిగినప్పుడు భాషా సాంస్కృతిక శాఖ మర్ఫాకు ఒక్క ఏడాది కేటాయించలేదా? డప్పుకు పక్క రాష్ట్రం ఇచ్చినట్టు తెలంగాణ మర్ఫా వాద్యకారులకూ పేరు పెట్టి గుర్తింపు ఇవ్వాలి.

మర్ఫా బృందాల పెద్దలకు ఒక మాట. మీ వాయిద్యాన్ని ఎవరైనా స్టూడియోలో రికార్డు చేస్తామంటే కాగితం లేకుండా వెళ్లకండి, చదవకుండా సంతకం పెట్టకండి. తరతరాల దరువుకు సొంతదారు ఉండడు కానీ మీరు చేసిన ప్రదర్శనకు మీకు హక్కు ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రదర్శకుడి హక్కును 50 ఏళ్లు కాపాడుతుంది. 2012లో చేసిన సవరణ తర్వాత ఆ రికార్డు వ్యాపారానికి వాడితే రాయల్టీ కూడా అడగవచ్చు. ఒప్పందంలో బృందం పేరు, వాయించినవాళ్ల పేర్లు రాయించుకోండి. మీ పిల్లలు మర్ఫా మానేసి ఉద్యోగాలు చేస్తామంటే అడ్డుపడకండి, చదువుకోనివ్వండి. ఆదివారం సాయంత్రం మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పండి.

సినిమా సంగీత దర్శకులారా, మీ పాటల్లో ఈ దరువు ఎంతో కాలంగా పరుగెడుతోంది. దాన్ని వాడొద్దని ఎవరూ అనరు. కీబోర్డులో దొరికే నకలు వదిలి ఏసీ గార్డ్స్ నుంచి, బార్కస్ నుంచి మనుషుల్ని పిలిపించండి. పాట వివరాల్లో గాయకుడి పేరు కింద వాళ్ల పేర్లు వెయ్యండి. ఒక్క వరస ఎక్కువ పడుతుంది, అంతే.

ఇక పెళ్లి చేస్తున్న కుటుంబాలు. హైదరాబాద్‌లోనే కాదు, డల్లాస్‌లో, న్యూజెర్సీలో, దుబాయ్‌లో బరాత్ తీస్తున్న తెలుగువాళ్లు కూడా ఈ దరువు మీదే ఆడుతున్నారు. ఇక్కడ పెళ్లి పెట్టుకున్నవాళ్లు డీజేకు అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక మర్ఫా మేళాన్ని అడగండి. దళారీని దాటి బృందం పెద్దతో నేరుగా మాట్లాడండి. బేరం ఆడేటప్పుడు పదిమంది మూడు గంటలు ఎండలో నడిచి వాయిస్తారని గుర్తుంచుకోండి. భోజనం బయట అరుగు మీద పెట్టకండి, పందిట్లో అతిథుల వరసలో పెట్టండి. వాళ్లు ఎవరో, ఎక్కడివాళ్లో మీ పిల్లలకు చెప్పండి. ఊరేగింపు వీడియో నెట్‌లో పెట్టేటప్పుడు దాని కింద బృందం పేరు, పేట పేరు, వాయించినవాళ్ల పేర్లు వాళ్లను అడిగి రాయండి.